జీతం ఒకరిది, పని మరొకరిది: ఏజెన్సీ కొలువుల్లో ఎదుగుదల

జీతం ఒక కంపెనీ ఇస్తుంది, పని మరో కంపెనీ చేయించుకుంటుంది. ఈ రెండింటి నడుమ ఉండే ఉద్యోగమే తాత్కాలిక ఏజెన్సీ పని. నియామక పత్రం, పీఎఫ్ చందా, తొలగింపు ఏజెన్సీ చేతిలో ఉంటాయి. ఏ పని చేయాలి, ఎన్నింటికి రావాలి, ఎవరి మాట వినాలి అన్నవి మాత్రం మనిషిని తీసుకున్న సంస్థ చెబుతుంది. మన పత్రికలు దీన్ని పొరుగు సేవలని రాస్తాయి. ఆఫీసుల్లో అవుట్‌సోర్సింగ్ అంటారు, హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో థర్డ్ పార్టీ పేరోల్ అంటారు, అమెరికాలోని తెలుగువాళ్లు కన్సల్టెన్సీ అనేస్తారు. చట్టం లెక్కలో ఇవన్నీ ఒకటి కావు. ఉద్యోగి వైపు నుంచి చూస్తే మాత్రం అన్నింటిలోనూ ఒకే చిక్కు కనిపిస్తుంది: ప్రమోషన్లు పనిచేసే చోట ఉంటాయి, సర్వీసు మాత్రం జీతమిచ్చే చోట నమోదవుతుంది.

ఇలా గేటు లోపలికి వచ్చిన మనిషి కొన్నాళ్లకు పర్మినెంట్ అవుతాడా, లేక ఏళ్ల తరబడి అదే జీతంతో అదే కుర్చీలో ఉండిపోతాడా అన్నది ఆర్థికవేత్తలు, కార్మిక సంఘాలు, కోర్టులు దశాబ్దాలుగా తేల్చుకోలేకపోతున్న ప్రశ్న. జవాబు దేశాన్ని బట్టి మారుతుంది, కాలాన్ని బట్టి మారుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఏజెన్సీ ఉద్యోగిని ఎవరి పక్కన నిలబెట్టి పోలుస్తున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. వాదులాటలో ఎక్కువ భాగం ఈ పోలిక దగ్గరే పుడుతుంది.

మొదలు

విలియం రస్సెల్ కెల్లీ 1946లో డెట్రాయిట్‌లో ఆఫీసు సేవల కంపెనీ పెట్టి టైపింగ్, లెక్కల పనులకు మహిళలను పంపడం మొదలుపెట్టాడు. ‘కెల్లీ గర్ల్’ అన్న పేరు అలా స్థిరపడింది. 1948లో మిల్వాకీలో ఎల్మర్ వింటర్, ఆరన్ షైన్‌ఫెల్డ్ అనే ఇద్దరు లాయర్లు మ్యాన్‌పవర్ కంపెనీ స్థాపించారు. 1960లో నెదర్లాండ్స్‌లో ఫ్రిట్స్ గోల్డ్‌ష్మెడింగ్ మొదలుపెట్టిన సంస్థ తర్వాత రాండ్‌స్టాడ్ అయింది. ఆ రోజుల్లో ఈ వ్యాపారం తన ఉద్యోగులను పెళ్లయి, ఇల్లు చూసుకుంటూ, తీరిక వేళల్లో నాలుగు డబ్బులు సంపాదించుకునే ఆడవాళ్లుగా ప్రచారం చేసింది. ఎదుగుదల వాళ్లకు అవసరం లేదన్నట్టే లెక్క. ఆ పని 1970ల తర్వాత ఫ్యాక్టరీలకు, గోదాములకు, ఆసుపత్రులకు పాకింది. అందులోకి కుటుంబం మొత్తం తన జీతం మీదే ఆధారపడిన మనుషులు వచ్చారు. లెక్క మాత్రం మారలేదు.

అమెరికాలో ఈ విస్తరణకు ఒక కారణం కోర్టుల్లో దొరుకుతుంది. ఇష్టం వచ్చినప్పుడు ఉద్యోగిని తీసేసే యజమాని హక్కుకు రాష్ట్రాల కోర్టులు ఒక్కొక్కటిగా పరిమితులు పెట్టాయి. దాంతో యజమానులు తొలగింపు తలనొప్పిని ఏజెన్సీలకు అప్పజెప్పారు. 1973, 1995 మధ్య పెరిగిన ఏజెన్సీ కొలువుల్లో దాదాపు ఐదో వంతు ఈ తీర్పుల ఫలితమేనని డేవిడ్ ఆటర్ అనే ఆర్థికవేత్త లెక్కగట్టాడు. రక్షణ కోసం వచ్చిన నియమం రక్షణ లేని ఉద్యోగాన్ని పెంచిన ఈ కథ మరికొన్ని దేశాల్లోనూ జరిగింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా వైఖరి మార్చుకుంది. రుసుము తీసుకుని ఉద్యోగాలిప్పించే ఏజెన్సీలను 1933లో, మళ్లీ 1949లో అదుపు చేయాలని చూసిన ఆ సంస్థ, 1997లో 181వ ఒడంబడికతో ప్రైవేటు ఏజెన్సీలకు గుర్తింపునిచ్చింది. ఉద్యోగి దగ్గర మాత్రం పైసా తీసుకోకూడదని షరతు పెట్టింది. భారత్ ఆ ఒడంబడికను ఆమోదించలేదు.

డెట్రాయిట్‌లో తేలిందేమిటి

ఏజెన్సీ పనిని సమర్థించేవారు చెప్పేది తేలిగ్గానే అర్థమవుతుంది. కొత్తవాళ్లను నేరుగా తీసుకోవడానికి యజమాని జంకుతాడు. ఏజెన్సీ ద్వారా ఆరు నెలలు చూస్తే మనిషి పనితనం తెలుస్తుంది, నచ్చితే ఉంచుకుంటాడు. అనుభవం లేనివాడికి, వలస వచ్చినవాడికి, బయోడేటాలో ఖాళీలున్నవాడికి ఇంతకన్నా సులువైన ప్రవేశం దొరకదు. ఎదుటి పక్షం మాట కూడా అంతే తేలిక. రేపో మాపో వెళ్లిపోయే మనిషికి పని నేర్పడం మీద ఎవరూ డబ్బు పెట్టరు. పైగా రోజంతా ఆ పనిలోనే గడిచిపోతే మంచి ఉద్యోగం వెతుక్కునే తీరిక ఉండదు.

ఏది నిజమో తేల్చడం కష్టం. ఏజెన్సీకి వెళ్లేవాళ్లు, వెళ్లనివాళ్లు మొదటి నుంచే వేర్వేరు మనుషులు. చురుకైనవాడు ఏజెన్సీలో చేరి తర్వాత పర్మినెంట్ అయితే ఆ ఘనత ఏజెన్సీదా, అతని చురుకుదా? ఈ ముడిని కాస్త గట్టిగా విప్పిన అధ్యయనం డెట్రాయిట్‌లో జరిగింది, అదీ అనుకోకుండా దొరికిన వీలు వల్ల.

1996లో అమెరికా సంక్షేమ చట్టం మారాక, భృతి తీసుకునేవాళ్లు పనిలో చేరక తప్పని పరిస్థితి వచ్చింది. మిషిగన్‌లో దాని పేరు ‘వర్క్ ఫస్ట్’. డెట్రాయిట్‌లో లబ్ధిదారులను వేర్వేరు సేవా సంస్థలకు వంతులవారీగా పంపేవారు. ఎవరు ఏ సంస్థకు వెళ్తారన్నది వాళ్ల తెలివితేటల మీదో ఇష్టం మీదో ఆధారపడేది కాదు. కొన్ని సంస్థలకు ఏజెన్సీలతో పరిచయం ఎక్కువ, అవి తమ దగ్గరికి వచ్చినవాళ్లను అటు పంపేవి. మరికొన్ని నేరుగా కంపెనీల్లో పెట్టించేవి. డేవిడ్ ఆటర్, సుసాన్ హౌస్‌మన్ ఈ తేడాను పట్టుకుని ఆ తర్వాతి ఏడు త్రైమాసికాల సంపాదనను చూశారు. 2010లో అచ్చయిన వారి ఫలితం ఏజెన్సీలకు చేదుగానే ఉంది. నేరుగా కంపెనీలో చేరినవారి సంపాదన తర్వాతి కాలంలో గణనీయంగా పెరిగింది. ఏజెన్సీ ద్వారా చేరినవారికి మొదట్లో కొంత జీతం వచ్చినా ఆ లాభం నిలవలేదు, కొందరి విషయంలో తగ్గింది కూడా.

ఇందులో గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. అవే లెక్కలను మామూలు పద్ధతిలో పోల్చి చూస్తే ఏజెన్సీ ఉద్యోగులు నిరుద్యోగులకన్నా ఎంతో మెరుగ్గా కనిపిస్తారు. ఏజెన్సీ పరిశ్రమ ప్రచారంలో తరచూ కనిపించే పోలిక ఇదే. ఖాళీగా కూర్చున్నవాడితో పోలిస్తే ఏ పనైనా మేలే అనిపిస్తుంది. అదే సమయంలో వెతుక్కుంటే దొరికి ఉండే నేరు ఉద్యోగంతో పోల్చినప్పుడే అసలు నష్టం బయటపడుతుంది.

ఐరోపా లెక్క వేరు

సముద్రం దాటితే ఫలితాలు మారతాయి. ఇటలీ 1997లో ఏజెన్సీ పనిని చట్టబద్ధం చేశాక, టస్కనీ, సిసిలీ ప్రాంతాల్లో ఇకీనో, మియల్లి, నన్నిచీని చేసిన పరిశీలన (2008) ఏజెన్సీ కొలువు పర్మినెంట్ ఉద్యోగానికి దారితీయగలదని చూపింది. లెక్కల్లో పొరపాట్లకు ఎంత ఆస్కారముందో వాళ్లే పరీక్షించుకున్నారు. రెండింటిలో ఒక్క ప్రాంతంలోనే ఫలితం ఆ పరీక్షకు నిలబడింది. అది పరిశ్రమలున్న టస్కనీ. కాలుమోపడానికి లోపల ఖాళీ ఉన్నచోటే తలుపు తెరవడంలో అర్థముంటుందన్న సంగతి ఇక్కడ స్ఫురిస్తుంది.

డెన్మార్క్‌లో యాన్, రోస్‌హోమ్ పరిశోధన ఇంకా ఆశాజనకం. అక్కడ ఏజెన్సీ పని ముఖ్యంగా వలస వచ్చినవారిని మామూలు ఉద్యోగాల్లోకి త్వరగా చేర్చింది. డెన్మార్క్‌లో మనిషిని తీసుకోవడం, తీసేయడం రెండూ సులువే, నిరుద్యోగ భృతి బలంగా ఉంటుంది, జీతాలను సంఘాల ఒప్పందాలు కాపాడతాయి. ఏజెన్సీ ఉద్యోగికీ పర్మినెంట్ ఉద్యోగికీ మధ్య గోడ తక్కువ ఎత్తులో ఉంది కాబట్టి దాటడమూ సులువైంది. స్పెయిన్‌లో అందుకు విరుద్ధంగా జరిగింది. అక్కడ పర్మినెంట్ ఉద్యోగం చుట్టూ ఎత్తైన గోడ, బయట పెద్ద గుంపు. ఏజెన్సీ ద్వారా వచ్చినవారు, కంపెనీ నేరుగా తాత్కాలికంగా తీసుకున్నవారికన్నా పర్మినెంట్ అయ్యే అవకాశాల్లో వెనకబడ్డారు.

జర్మనీని కాస్త నిదానంగా చూడాలి. 1972 నుంచి అక్కడ ఏజెన్సీ పని కట్టుదిట్టంగా నడిచేది. 2003లో హార్ట్స్ సంస్కరణలు ఆ కట్లు విప్పాయి. ఒక చోట ఇన్నాళ్లే ఉంచాలన్న పరిమితి పోయింది. నిరుద్యోగులను ఏజెన్సీలు పనిలో పెడితే వాళ్లు అక్కడే అతుక్కుపోతారన్నది ఆనాటి ఆశ. ఏజెన్సీ ఉద్యోగుల సంఖ్య పెరుగుతూ పోయి 2017 ప్రాంతంలో పది లక్షలకు చేరింది. అతుక్కుపోవడం మాత్రం అనుకున్నంత జరగలేదు. నిరుద్యోగం నుంచి ఏజెన్సీలో చేరినవాళ్లను నాలుగేళ్లు వెంబడించి చూసిన మైఖేల్ క్వాస్నిచ్కా, వాళ్లు ఖాళీగా ఉండిపోలేదనీ, అలాగని మామూలు ఉద్యోగాల్లోకి ఎక్కువగా చేరనూ లేదనీ తేల్చాడు. ఏదో ఒక పనిలో ఉన్నారు. ఆ పని తరచూ మరో ఏజెన్సీ పనే.

2010లో జర్మనీ దుకాణాల గొలుసు ష్లెకర్ మీద పెద్ద దుమారం లేచింది. ఆ సంస్థ తన పాత ఉద్యోగులను తీసేసి, వాళ్లనే ఏజెన్సీ ద్వారా తక్కువ జీతానికి తిరిగి తెచ్చుకుంటోందన్నది ఆరోపణ. మరుసటి ఏడు చట్టం ఆ దొడ్డిదారిని మూసింది. ఎదుగుదల గురించి మాట్లాడేటప్పుడు పైకి వెళ్లే దారినే చూస్తాం. పర్మినెంట్ ఉద్యోగిని కిందికి దించడానికి కూడా ఏజెన్సీ పనికొస్తుందని ష్లెకర్ ఉదంతం గుర్తు చేసింది.

నిచ్చెన ఎక్కడ తెగింది

పీటర్ డోరింజర్, మైఖేల్ పియోర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1971లో పెద్ద కంపెనీల లోపల మరో కొలువుల బజారు ఉంటుందని రాశారు. మనిషి అడుగున ఎక్కడో చేరతాడు, పైపోస్టులు లోపలివాళ్లతోనే నిండుతాయి, అనుభవానికి విలువ పెరుగుతూ పోతుంది. ఇరవయ్యో శతాబ్దపు మధ్యతరగతి చాలావరకు ఈ నిచ్చెన మీదే ఎక్కింది. మన దగ్గర బ్యాంకులో అటెండరుగా చేరి ఆఫీసరుగా దిగిపోయినవాళ్లు, రైల్వేలో ఖలాసీగా చేరి సూపర్‌వైజరు అయినవాళ్లు ప్రతి కుటుంబంలోనూ ఒకరైనా తగులుతారు.

న్యూయార్క్ టైమ్స్ 2017లో రాసిన ఒక పోలిక దీన్ని చక్కగా పట్టుకుంది. 1980ల మొదట్లో కొడాక్ కంపెనీలో ఊడ్చి తుడిచే ఉద్యోగంలో ఒక మహిళ ఉండేది. ఆమె కంపెనీ సొంత ఉద్యోగి. జీతంతో కూడిన సెలవు, బోనసు, చదువు ఖర్చు ఆమెకూ వర్తించాయి. రాత్రి తరగతుల్లో చదివి 1987లో డిగ్రీ తెచ్చుకుంది, ఆ కంపెనీలోనే ప్రధాన సాంకేతిక అధికారి స్థాయికి ఎదిగింది. మూడున్నర దశాబ్దాల తర్వాత ఆపిల్ కార్యాలయంలో అదే పని చేస్తున్న మరో మహిళ ఒక కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగి. ఇద్దరి చేతికొచ్చే జీతంలో పెద్ద తేడా లేదు. రెండో ఆమెకు మాత్రం ఎదగాలంటే ఆ కాంట్రాక్టు సంస్థలో జట్టు నాయకురాలు కావడం తప్ప పై మెట్టే లేదు. తను తుడిచే భవనంలో ఉన్న వేల ఉద్యోగాల్లో ఒక్కటి కూడా తన సర్వీసుకు అందే దూరంలో లేదు.

ఈ ఉదాహరణ నేరుగా కాంట్రాక్టుకు చెందినదే అయినా ఏజెన్సీ పనికీ వర్తిస్తుంది. జీతం మీద దెబ్బను లెక్కగట్టినవాళ్లున్నారు. జర్మనీలో వంట, శుభ్రత, కాపలా, సరుకు రవాణా పనులను బయటి సంస్థలకు ఇచ్చినప్పుడు అవే పనులు చేసేవారి జీతాలు 10 నుంచి 15 శాతం పడిపోయాయని గోల్డ్‌ష్మిట్, ష్మీడర్ 2017లో చూపారు. తెగిపోయిన ప్రమోషన్ విలువ ఆ లెక్కలో పూర్తిగా పడదు. రాని ఎదుగుదల ఏ పే స్లిప్‌లోనూ కనిపించదు.

మైక్రోసాఫ్ట్ అనుభవం ఇంకో వైపు చూపుతుంది. 1990లలో ఆ కంపెనీలో వేలమంది ఏజెన్సీ పేరు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. బ్యాడ్జీ రంగు తప్ప పక్క సీటువాడితో పనిలో తేడా లేదు. 1992లో మొదలైన దావా 2000లో 9 కోట్ల 70 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. ఆ తర్వాత కంపెనీ అలాంటివారిని ఏడాది పని తర్వాత వంద రోజులు బయట ఉంచే నియమం పెట్టింది. పర్మినెంట్‌గా కనిపించే తాత్కాలిక ఉద్యోగం పోయి, నిజంగానే తాత్కాలికమైన ఉద్యోగం వచ్చింది. దావా వేసినవాళ్లకు పరిహారం దక్కింది, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లకు విరామం మిగిలింది.

గడువులు

చాలా ప్రభుత్వాలకు తట్టిన పరిష్కారం గడువు పెట్టడం. ఇన్నేళ్లు దాటితే నేరుగా తీసుకో, లేకపోతే పంపెయ్. దక్షిణ కొరియా 1998 చట్టంలో ఆ గడువు రెండేళ్లు. జపాన్ గీత గీసింది రంగాల మీద: 1985 చట్టంతో కొన్ని నైపుణ్య వృత్తులకే ఏజెన్సీలను అనుమతించి, 1999లో చాలా రంగాలకు తెరిచి, 2004లో కర్మాగారాలకూ విస్తరించింది. జర్మనీ 2017లో ఒక చోట 18 నెలలే ఉండాలనీ, 9 నెలల తర్వాత సమాన జీతం ఇవ్వాలనీ నిర్ణయించింది. చాలామంది ఆ తొమ్మిది నెలలు నిండకముందే మరో చోటికి వెళ్లిపోతారు కనుక ఆ హక్కు కాగితం దాటి వచ్చేది తక్కువ.

గడువు దగ్గరపడేసరికి యజమాని ఆలోచించేది ఒక్కటే, ఈ మనిషిని ఉంచుకోవడం వల్ల లాభమా, కొత్త మనిషిని తెచ్చుకోవడం వల్లా? పనికి నైపుణ్యం అవసరమైతే మొదటిది, లేకపోతే రెండోది. అందువల్ల గడువు చట్టాలు ఇప్పటికే కాస్త మెరుగ్గా ఉన్నవాళ్లకు సాయపడతాయి, అడుగున ఉన్నవాళ్లను రెండేళ్లకోసారి మళ్లీ మొదటికి తెస్తాయి.

జపాన్‌లో అడుగున ఉన్నవాళ్ల స్థితి 2008 చివర లోకానికి తెలిసింది. ఆర్థిక సంక్షోభం రాగానే కర్మాగారాలు ఏజెన్సీ కార్మికులను మూకుమ్మడిగా వదిలించుకున్నాయి. వాళ్లుండేది కంపెనీ వసతి గృహాల్లో కాబట్టి ఉద్యోగంతోపాటు ఇల్లూ పోయింది. ఆ ఏడాది చివరి రోజున టోక్యో హిబియా పార్కులో స్వచ్ఛంద సంఘాలు గుడారాలు వేసి అన్నం పెట్టాయి. వందలమంది వచ్చారు. తర్వాత 2012లో రోజుకూలీ తరహా ఏజెన్సీ పనిని చాలావరకు నిషేధించారు. 2015లో ఏజెన్సీలే ఉద్యోగులకు శిక్షణ ఇవ్వాలని, మూడేళ్లు నిండేవారికి నేరు ఉద్యోగం అడిగిపెట్టడమో మరో చోటు చూపడమో చేయాలని నియమం వచ్చింది.

ఫ్రాన్స్, స్వీడన్ వేరే దారి పట్టాయి. ఏజెన్సీనే అసలు యజమానిగా చేయడం వాటి ఆలోచన. స్వీడన్‌లో ఒప్పందాల ప్రకారం ఏజెన్సీలో పర్మినెంట్‌గా ఉన్న ఉద్యోగికి పని లేని రోజుల్లోనూ ఒక కనీస జీతం వస్తుంది. ఫ్రాన్స్‌లో 2013 ఒప్పందంతో ఏజెన్సీతో శాశ్వత కాంట్రాక్టు అనే పద్ధతి మొదలైంది. ఇందులో ఎదుగుదల కన్నా నిలకడ ఎక్కువ. ఇంటి అప్పు అడిగే బ్యాంకు ముందు అదీ తక్కువేమీ కాదు.

మన దేశంలో

మనుషుల సరఫరా మనకు కొత్తది కాదు. బ్రిటిష్ కాలంలో కోరంగి, విశాఖ, గంజాం తీరాల నుంచి రంగం (రంగూన్) వెళ్లిన తెలుగు కూలీలు రేవుల్లో, బియ్యం మిల్లుల్లో మేస్త్రీల కింద పనిచేశారు. అడ్వాన్సు ఇచ్చేది మేస్త్రీ, కూలి డబ్బు చేతికొచ్చేదీ మేస్త్రీ ద్వారానే. మిల్లు యజమానికి కూలీల పేర్లు తెలియాల్సిన పని లేదు. ఆ ఏర్పాటులో కూలీ పైకి రావాలంటే తానే మేస్త్రీ కావాలి.

స్వతంత్ర భారతంలో 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం రెండు పనులు చేసింది. కాంట్రాక్టు పద్ధతిని నియంత్రించింది, ఏయే పనుల్లో దాన్ని రద్దు చేయాలో చెప్పే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. రద్దు చేశాక ఆ కార్మికుడి గతేమిటన్నది చట్టం చెప్పలేదు. ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు 1996లో వాళ్లను అసలు యజమానే తీసుకోవాలంది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. రద్దు అయితే కార్మికుడు దానంతటదే పర్మినెంట్ కాడని తేల్చింది. కాంట్రాక్టు పద్ధతి పోతే కార్మికుడి ఉద్యోగమూ పోయే స్థితి వచ్చింది. ఆ తర్వాత రద్దు కోరడానికే సంఘాలు జంకాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో ఆ చట్టాన్ని సవరించి, సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కూడదని, మిగతా వాటిలో ఫర్వాలేదని గీత గీసింది. ఇదే ఆలోచన 2020 నాటి కేంద్ర వృత్తి భద్రత కోడ్‌లోకి చేరింది. ఆ కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. పాత చట్టం 20 మంది ఉన్నచోట వర్తించేది, కొత్తది కనీసం 50 మంది ఉంటేనే. గీత ఎలా ఉన్నా కర్మాగారాల్లో వాస్తవం మరోలా సాగింది. వార్షిక పరిశ్రమల సర్వేలో 2000 ప్రాంతంలో ఐదో వంతుగా ఉన్న కాంట్రాక్టు కార్మికుల వాటా 2022-23కి అయిదింట రెండు వంతులకు చేరింది.

ఏజెన్సీ పని మీద ప్రపంచంలో వచ్చిన పరిశోధన ఒక ఊహ మీద నడుస్తుంది: ఏజెన్సీ స్థిరం, ఉద్యోగి కంపెనీలు మారుతుంటాడు. మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఇది తలకిందులు. ఉద్యోగి పదిహేనేళ్లు అదే ఆసుపత్రిలో, అదే మున్సిపాలిటీలో, అదే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. టెండరు ముగిసిన ప్రతిసారీ ఏజెన్సీ మారుతుంది. ఏజెన్సీ మారితే సర్వీసు మళ్లీ మొదటి నుంచి లెక్క, గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండవు, పీఎఫ్ ఖాతాల్లో గందరగోళం. అనుభవ ధ్రువపత్రం మీద పని చేసిన ఆఫీసు పేరుండదు, మూతపడిన ఏజెన్సీ పేరుంటుంది. పైన చెప్పిన ఇటలీ, డెన్మార్క్ ఫలితాలను మన పొరుగు సేవలకు అతికించబోతే అతకకపోవడానికి కారణం ఇదే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దళారుల బెడద తప్పించడానికి ఆప్కాస్ అనే సొంత కార్పొరేషన్ పెట్టింది. 2020 జులైలో దాదాపు 50 వేల మందికి దాని ద్వారా నియామక పత్రాలు ఇచ్చారు. నెలనెలా జీతం, పీఎఫ్ జమ, కమీషన్ లేకపోవడం నిజమైన మేళ్లే. ఉద్యోగాల్లో సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలకు, మహిళలకు అన్న నియమమూ పెట్టారు. ప్రమోషన్ దారి మాత్రం తెరవలేదు. ఏజెన్సీ ప్రభుత్వానిదైనా ఉద్యోగి మాత్రం ప్రభుత్వోద్యోగి కాలేదు. సంక్షేమ పథకాల అర్హత చూసేటప్పుడు తమను ప్రభుత్వ ఉద్యోగుల ఖాతాలో వేస్తున్నారనీ, హక్కుల దగ్గరికి వచ్చేసరికి పొరుగువాళ్లను చేస్తున్నారనీ ఆ ఉద్యోగులు చాలాకాలం మొరపెట్టుకున్నారు. రెండు వైపులా కాకుండా పోవడం అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఫిర్యాదు మరొకటి కనిపించదు.

తెలంగాణ విద్యుత్ సంస్థలు 2017లో 23 వేలకు పైగా పొరుగు సేవల సిబ్బందిని ఆర్టిజన్లన్న పేరుతో తమలో కలుపుకున్నాయి. నాలుగు గ్రేడ్లు పెట్టాయి. హైకోర్టు మరుసటి ఏడు దీన్ని అనుమతించింది. ఏజెన్సీ పోయింది, జీతం పెరిగింది, ఉద్యోగ భద్రత వచ్చింది. అయినా రెగ్యులర్ సిబ్బంది సర్వీసు నిబంధనలు వాళ్లకు వర్తించలేదు, వేరుగా స్టాండింగ్ ఆర్డర్లు రాశారు. డిగ్రీ, డిప్లొమా ఉన్న ఆర్టిజన్ కూడా తన గ్రేడులోనే ఉండిపోవాలి. అందుకే వాళ్ల డిమాండ్లలో జీతం కన్నా ముందు ‘కన్వర్షన్’ (రెగ్యులర్ పోస్టుల్లోకి మార్పు) అన్న మాట వినిపిస్తుంది. ఏజెన్సీ తొలగినంత మాత్రాన నిచ్చెన దానంతటదే రాదని ఆర్టిజన్ల అనుభవం చూపుతుంది.

సుప్రీంకోర్టు 2006లో ఉమాదేవి కేసులో, పోటీ పరీక్ష లేకుండా వచ్చినవారిని క్రమబద్ధీకరించడం బయట ఎదురుచూస్తున్న నిరుద్యోగులకు అన్యాయమంది. అది కొట్టిపారేయలేని వాదన. అదే తీర్పు, మంజూరైన పోస్టుల్లో పదేళ్లు దాటినవారికి ఒక్కసారికి మినహాయింపు ఇచ్చింది. తెలంగాణలో 2023లో 5,500 మందికి పైగా రెగ్యులర్ అయ్యారు. వారిలో పెద్ద భాగం జూనియర్ కళాశాలల అధ్యాపకులు. వాళ్లు శాఖతో నేరుగా ఒప్పందం ఉన్న కాంట్రాక్టు ఉద్యోగులు. ఏజెన్సీ ద్వారా వచ్చినవారికి ఆ తలుపు తెరుచుకోలేదు. అదే కళాశాలలో, అదే వరండాలో పనిచేసినా, కాగితం మీద యజమాని ఎవరన్నదే ఇద్దరి జీవితాలను విడదీసింది.

ఈ చిక్కును కొంతైనా తెలివిగా విప్పిన పద్ధతి తెలంగాణ వైద్య నియామకాల్లో ఉంది. స్టాఫ్ నర్సు పోస్టులకు వంద మార్కుల్లో 80 పరీక్షకు, 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, పొరుగు సేవల్లో చేసిన సర్వీసుకు కేటాయించారు. బయటివాడికి పరీక్ష తెరిచే ఉంది, లోపలివాడి ఏళ్లు గాలికి పోలేదు. అయితే ఆ 20 మార్కులు రావాలంటే సర్వీసు రుజువు చేసుకోవాలి. ఏజెన్సీలు మారిన చోట అది మళ్లీ ఫైళ్ల వెంట తిరగడమే.

కన్సల్టెన్సీ దారి

ఏజెన్సీ పని తెలుగువాళ్లను పైకి కూడా తీసుకెళ్లింది, సముద్రాలు దాటించింది. చైనాకు చెందిన మానవశాస్త్రవేత్త శాంగ్ బ్యావ్ హైదరాబాద్‌లో, సిడ్నీలో తిరిగి 2007లో ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అన్న పుస్తకం రాశాడు. అందులోని మనుషుల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. కోస్తా పల్లెల్లో కట్నం డబ్బు కోచింగు ఫీజుగా, టికెట్ ఖర్చుగా మారడం, ఏజెంటు కింద ఏజెంటు, పని లేనప్పుడు బెంచ్ మీద కూర్చోవడం, ఒక దేశంలో మార్కెట్ పడితే మరో దేశానికి వెళ్లడం అన్నీ ఆయన రాశాడు. సాఫ్ట్‌వేర్ మార్కెట్ ఎగుడుదిగుళ్ల భారాన్ని పెద్ద కంపెనీ ఏజెన్సీ మీదికి నెడితే, ఏజెన్సీ ఇంజినీరు మీదికి, ఇంజినీరు తన కుటుంబం మీదికి నెట్టడం ఆ పుస్తకం చూపిన అసలు సంగతి.

అమెరికాలో ఈ వరస మరీ పొడవు. పని చేయించుకునే క్లయింట్, ప్రైమ్ వెండర్, వెండర్, హెచ్-1బీ వీసా వేసిన ఎంప్లాయర్, ఒక్కొక్కరికీ గంట రేటులో వాటా. 1998 చట్టం బెంచ్ మీదున్నా జీతం ఇవ్వాల్సిందేనంది. 2000 చట్టం వీసాతోనే ఉద్యోగం మారే వీలు, ఆరేళ్ల గడువు దాటి పొడిగింపు పొందే వీలు ఇచ్చింది. కాగితం మీద ఇవి కదలికను పెంచే సంస్కరణలే. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల భారతీయుల వరుస దశాబ్దాలకు సాగింది. పదవి, పని స్వభావం మారితే దరఖాస్తులో కొన్ని దశలు మళ్లీ నడవాల్సి వస్తుంది. ప్రమోషన్ వస్తే లాయర్‌ను అడిగి కానీ ఒప్పుకోని స్థితి అక్కడి తెలుగు ఇళ్లలో మామూలు విషయం. జీతం పెరుగుతుంది, ఊరు మారుతుంది, క్లయింట్ మారతాడు. హోదా మాత్రం దరఖాస్తు వేసిన రోజున రాసిన పేరు దగ్గరే ఆగి ఉంటుంది.

క్లయింట్ నేరుగా తీసుకున్నవాళ్లు ఆ వెండర్ల వరస నుంచి బయటపడ్డారు. నైపుణ్యానికి గిరాకీ ఉన్నప్పుడు అలా తీసుకున్నవాళ్లు తక్కువేమీ కాదు, డెన్మార్క్ లెక్కలు చెప్పినట్టే. గిరాకీ తగ్గిన ఏళ్లలో చేరినవాళ్లు ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు తిరుగుతూ ఉండిపోయారు. ఇంకొందరు మూడో దారి ఎంచుకున్నారు. పది పన్నెండేళ్లు వెండర్ల మధ్య తిరిగి, ఎవరికి ఎంత మిగులుతుందో నేర్చుకుని, గ్రీన్‌కార్డు రాగానే తామే కన్సల్టెన్సీ తెరిచి, అమీర్‌పేటలో కోర్సు ముగించుకున్న కొత్తవాళ్లకు వీసాలు వేయడం మొదలుపెట్టారు.